అష్టమి నాడు దిగేవాళ్లం

మా ఊళ్లో అష్టమి నాడు ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. కొత్త వలైతే నవమి కూడా దాటనిచ్చి దశమి నాడు నీళ్లలో వేస్తారు. పడవకు ఇంజను మార్చినా అంతే. అన్నా నేనూ మాత్రం పదకొండేళ్లపాటు అష్టమి నాడే సముద్రంలో దిగాం. మా పనికి అంతకంటే మంచిరోజు లేదు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. నాకంటే మూడేళ్లు పెద్ద. సముద్రం ఒడ్డున పాళెం వాళ్లది, రోడ్డు పక్కన చర్చి వీధి మాది. ఇద్దరం ఒకేసారి రేవులో ఒక కాంట్రాక్టరు దగ్గర చేరి, ఓడల అడుగుకు పట్టిన గుల్లలు గీకే పని నేర్చుకున్నాం. ఆయనే మమ్మల్ని చెన్నై పంపి సిలిండర్ కట్టుకుని దిగడానికి సర్టిఫికెట్ ఇప్పించాడు. నాలుగేళ్లు గీకి గీకి విసుగెత్తి, సొంతంగా పని పెట్టుకున్నాం. పని అంటే మా తీరానికి ఎదురుగా మునిగి ఉన్న పాత సరుకు ఓడకు చిక్కుకున్న వలల్ని విడిపించడం.

ఆ ఓడ మేము పుట్టకముందే మునిగింది. పడవలో ముప్పావు గంట దూరం. థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు ఒకదాని వెనక ఒకటి చేరి ఒక్కటిగా కనిపించే వరుసలో తూర్పుకు పోతే, పదకొండు బారల లోతులో, అంటే అరవై అడుగుల పైచిలుకు కింద, పక్కకు ఒరిగి పడుకుని ఉంటుంది. చుట్టూ పార చేపలు గుంపులుగా తిరుగుతాయి కాబట్టి వలలు వేసేవాళ్లు దాని దగ్గరికి పోకుండా ఉండలేరు. పోయినవాళ్లలో ఎవరో ఒకరి వల పట్టుకుంటుంది. అప్పుడు మా ఇద్దరి ఇళ్లకూ మనుషులొచ్చేవాళ్లు.

పున్నమికీ అమావాస్యకీ అక్కడ నీటి వడి మనిషిని నిలవనివ్వదు. అష్టమి, నవమి నాళ్లకు మెత్తబడుతుంది. అందుకని మా ఇంటి గోడకు బైబిలు వాక్యాల క్యాలెండర్ పక్కన నేను పంచాంగం క్యాలెండర్ కూడా తగిలించాను. "ఆదివారం ప్రార్థనకి పోయేదానికి తీరికుండదు, అష్టమి మాత్రం వేలు పెట్టి వెతుకుతావు," అని మా అమ్మ దెప్పేది. అన్న వాళ్లింట్లో గొడవ ఇంకోరకం. అష్టమి పూట మొగుణ్ణి సముద్రంలోకి పంపడం వదినకు ఇష్టం ఉండేది కాదు. అన్న నవ్వి, "కొత్త పనైతే గదా, ఇది పాత పనే," అనేవాడు.

వడి ఉన్నచోట మునిగిన ఓడ దగ్గరికి దిగడం ఈత కాదు. ఈత కొట్టి వడిని గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. లంగరు తాడు పట్టుకుని చేతి మీద చెయ్యి వేసుకుంటూ, ఊపిరి నిదానంగా తీసుకుంటూ దిగాలి. ఓడకు ఒక పక్క నీరు మొహం మీద కొడుతుంది, రెండో పక్క గోడచాటున నిలబడ్డట్టు ఉంటుంది. ఆ చాటున ఉండే పని చేసుకోవాలి. సిలిండర్లో గాలి మూడు వంతులనుకుంటే, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, మూడోదాన్ని లేదనుకోవాలి. వచ్చేటప్పుడు తాడు పట్టుకుని మూడు బారల లోతులో మూడు నిమిషాలు ఆగాలి, లేకపోతే ఒంట్లో చేరిన గాలి బుడగలై నరాల్ని పట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇద్దరిలో ఎవరు వెనక్కి అన్నా రెండోవాడు ఎందుకని అడక్కూడదు. కత్తి పిడితో సిలిండర్ మీద మూడు దెబ్బలు కొడితే వెనక్కి అని అర్థం. అన్న ఈ విషయాల్లో పరమ చాదస్తుడు. దిగేముందు పడవ ముక్కు దగ్గర థర్మాకోల్ ముక్క వేసి, అది వెనక చివర దాటేదాకా లెక్కపెట్టేవాడు. ఇరవై లోపే దాటిపోతే ఇక ఆ పూట దిగడం లేదు. నేను ఎగతాళి చేసేవాణ్ణి గానీ, ఆ చాదస్తం మీదే పదకొండేళ్లు బతికానని నాకు తెలుసు.

నాకు కోపం ఎక్కువ. ఎవరైనా 'నీవల్ల కాదులే' అంటే ఆ పని అయిపోయేదాకా నిద్రపట్టని రకం. తప్పు అక్కడే జరిగింది.

వేరే ఊరి నుంచి ఒక పెద్ద బోటు యజమాని వచ్చాడు. కొత్త వల, రెండోసారి వెయ్యగానే ఓడకు పట్టుకుంది. మేము అష్టమి దాకా ఆగమన్నాం. ఆయన చెవులు మూసుకున్నంత పనిచేశాడు. అష్టమి నాడు తన కొత్త వల మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వనని, పూజారిని అడిగి త్రయోదశి పెట్టించుకుని వచ్చాడు. త్రయోదశి అంటే రెండు రోజుల్లో పున్నమి. అన్న వద్దన్నాడు.

"ఏం, మీవల్ల కాదా?" అన్నాడా యజమాని, అన్నను కాదు, నన్ను చూసి.

"ఎందుకు కాదు? దిగతాం," అన్నాను. అన్న వైపు చూడలేదు.

పొద్దున ఒకసారి దిగి ఒక పక్క విడిపించాం. దిగేముందు థర్మాకోల్ పందొమ్మిదికే దాటింది, ఒక్కటే తక్కువని అన్నను ఒప్పించాను. మధ్యాహ్నం రెండోసారి దిగబోయేముందు పన్నెండుకే దాటిపోయింది.

"దిగబాక," అని చెయ్యి అడ్డం పెట్టాడు అన్న.

"నువ్వు నిదానంగా లెక్కపెట్టినావులే. పది నిముషాల్లో వచ్చేస్తాం."

"నీ కోపం పాడుగాను," అని గొణిగి, మాస్కు తగిలించుకున్నాడు. నేను దిగుతున్నాను కాబట్టి దిగాడు. వేరే కారణం లేదు.

కింద నీళ్లు బురదగా ఉన్నాయి. చెయ్యి చాపితే వేళ్లు కనిపించనంత. ఓడ చాటున ఉండి కొంత కోశాం. అప్పుడు అన్న మూడు దెబ్బలు కొట్టాడు. నాకు స్పష్టంగా వినిపించింది. నేను రెండు వేళ్లు అతని మాస్కు ముందు పెట్టి, రెండే నిముషాలు అని చూపించి, చాటు దాటి వడి కొట్టే వైపుకు పోయాను. అక్కడ నీరు నన్ను వలకు అదిమిపెట్టేసింది. విడిపించుకుని, మిగిలిన ముడి కూడా కోసి, వెనక్కి వచ్చేసరికి ఏడెనిమిది నిముషాలైంది. అన్న లేడు. నేను కొట్టాను. జవాబు లేదు. మొదట కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. నాకోసం కాచుకుని కాచుకుని అతని గాలి అయిపోయి ఉంటుందని, అయిపోయాక మూడు బారల దగ్గర ఆగకుండానే పైకి పోయి ఉంటాడని అర్థమైంది. పైన ఆగాల్సిన మూడు నిముషాలు తాడుకు వేలాడుతూ ఏడ్చాను. మాస్కులో ఏడిస్తే ఏమీ కనిపించదు.

పడవలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. "కాళ్లు తెలీటం లేదు రా," అన్నాడు. అతను నాతో అన్న ఆఖరి మాట చాలాకాలం అదే.

పడవ నడిపేవాడూ నేనూ ఆక్సిజన్ పెట్టి ఒడ్డుకు తెచ్చాం. చెన్నై తీసుకుపోవాలన్నారు. అంబులెన్సు తలుపు దగ్గర వదిన నన్ను చూసి, "నువ్వు రాబాక, నీ మొహం చూపించబాక," అంది. ఏడుస్తూ ఆమె అనేసిన మాట అది. దాన్ని నేను రెండేళ్లు వాడుకున్నాను. వదిన రావద్దంది కాబట్టి పోలేదు అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. సిలిండర్లతో సహా ఇద్దరి సామాన్లూ ఎప్పుడూ నేనే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టేవాణ్ణి. ఆ రోజు అన్న సామాను ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. గోనెసంచిలో కట్టించి వాళ్లింటి అరుగు మీద పెట్టించాను.

ఎడమ కాలికి పూర్తిగా సత్తువ రాలేదని ఎవరో చెప్పారు. ఇక నీళ్లలో దిగకూడదన్నారట. అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా పనికి కుదిరాడని, నీళ్లు చిలికే చక్రాలు ఆగిపోకుండా చూసుకుంటూ గట్టు మీది రేకుల షెడ్డులోనే ఉంటున్నాడని విన్నాను. నేను ముత్తుకూరులో ఒక గది తీసుకుని మళ్లీ ఓడల అడుగులు గీకడానికి చేరాను. రోజుకొక జతగాడు. ఎవరిదో రాష్ట్రం, ఎవరిదో భాష. నీళ్లలో సైగలే, పైకి వచ్చాక కూడా సైగలే. ఆదివారం చర్చికి పోతే మీ అన్న ఎట్టా ఉన్నాడని అడుగుతారని అదీ మానేశాను. అష్టములు వచ్చి పోయేవి. ఆ రోజు మాత్రం పనికి పోకుండా గదిలో పడుకునేవాణ్ణి. ఫ్యాను చప్పుడు వింటూ పడుకుంటే చాలు, పొద్దు గడిచిపోయేది.

ఒకసారి మందుల షాపు ముందు కనిపించాడు. కర్ర ఆనించుకుని చిల్లర లెక్క చూసుకుంటున్నాడు. నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను బండి ఆపలేదు. ఆపనక్కర్లేనందుకు నాకు కాస్త హాయిగా అనిపించింది కూడా. ఆ హాయి గది తలుపు తీసేదాకా కూడా నిలవలేదు. అన్న నన్ను ఒక్కసారి నిలబెట్టి తిడితే చాలని ఉండేది. తిట్టి, కొట్టి, ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడితే చాలు. ఆ రెండేళ్లలో నాకు అంతకుమించి ఏమీ అక్కర్లేకపోయింది. దానికోసం అతని షెడ్డు దాకా పోయే ధైర్యం మాత్రం లేకపోయింది.

మొన్న మాఘమాసంలో అన్న తోడబుట్టిన తమ్ముడు నా గది వెతుక్కుంటూ వచ్చాడు. మా పడవ ఇప్పుడు అతనే నడుపుతున్నాడు.

"వల పట్టుకునిందన్నా, ఓడకాడ. ఎవర్ని అడిగినా మావల్ల కాదంటున్నారు," అన్నాడు గడపలో నిలబడే.

"మీ అన్నకి తెలుసా నువ్వొచ్చినట్టు?"

"ఆయనే పంపించినాడు. పైన తాడు తానే పట్టుకుంటాడంట."

"ఏమన్నాడో సరిగ్గా చెప్పు."

"అదే అన్నాడు. ఎల్లుండి అష్టమి, వాణ్ణి రమ్మను అన్నాడు."

వాణ్ణి అన్నాడట. ఆ రెండక్షరాలు పట్టుకుని ఆ పూట అన్నం తిన్నాను.

ఒంటరిగా దిగకూడదు. కానీ దిగేవాడి ఛాతీకి తాడు కట్టి, ఆ తాడు చదవడం తెలిసినవాడు పైన కూర్చుంటే దిగొచ్చు. ఒక లాగు బాగున్నావా అని, రెండు లాగులు తాడు వదలమని, మూడు లాగులు వస్తున్నానని. తాడు మరీ బిగిస్తే మనిషి పని చెయ్యలేడు, మరీ వదిలితే అది ఓడకు చుట్టుకుంటుంది. మా తీరంలో ఈ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సినంతమంది కూడా లేరు. ఒకడున్నాడు, వాడు నాతో మాట్లాడడు.

ఆ పొద్దున అన్న నాకంటే ముందే పడవలో కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలు రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టుకుని నాకు చోటిచ్చాడు. వెంట్రుకలు నెరిశాయి. గుంటల దగ్గరి వాసన, అంటే బురదా మేతా కలిసిన వాసన, అతని చొక్కాకు పట్టి ఉంది. పొగగొట్టాలు రెండూ ఒక్కటయ్యాక తమ్ముడు ఇంజను ఆపి లంగరు వేశాడు. నేను సిలిండర్ ఎత్తుకున్నాక లేవకుండానే దగ్గరికి జరిగి, నా ఛాతీకి తాడు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాడు. తర్వాత థర్మాకోల్ ముక్క వేశాడు.

"ముప్పై నాలుగు," అన్నాడు. తమ్ముడితో అన్నాడు, నాతో కాదు.

నీళ్లు ఆ రోజు బాగున్నాయి. నాలుగైదు బారల దూరం నుంచే ఓడ నల్లగా కనిపించింది. రెండేళ్లలో ఇంకా ఒరిగినట్టుంది. వల ఓడ వెనక భాగానికి, అక్కడి ఇనుప కమ్ములకు చుట్టుకుని ఉంది. చాటున మోకాళ్లు ఆనించి కోస్తూ పోయాను. మధ్యలో తాడు ఒకసారి కదిలేది, బాగున్నావా అని. నేను ఒకసారి లాగేవాణ్ణి, బాగున్నానని. రెండేళ్ల తర్వాత అన్న నన్ను ఆ మాట అడగడం, అది కూడా పదకొండు బారల లోతుకు తాడు మీద అడగడం, నన్ను ఏం చేసిందో చెప్పలేను.

గాలిలో మొదటి వంతు అయిపోయేసరికి వల సగమే వదిలింది. మిగతాది పది నిముషాల పని, కమ్మి పక్కన రెండు ముడులు, కళ్లముందే ఉన్నాయి. నీరు కూడా ఏమంత లాగడం లేదు. నా కోపం నన్ను ఎన్నిసార్లు ఎట్లా పిలిచిందో నాకు తెలుసు, అప్పుడూ అట్లానే పిలిచింది. నేను మూడుసార్లు తాడు లాగాను. పైన మూడు నిముషాలు ఆగినంతసేపూ తాడు నా ఛాతీ దగ్గర బిగీ కాలేదు, వదులూ కాలేదు.

"సగమే వచ్చింది," అన్నాను పడవ అంచు పట్టుకుని. "మిగతాది రేపు నవమికి."

"ఇంకొంచెం సేపు ఉండుంటే అయిపోయేది గదన్నా," అన్నాడు తమ్ముడు, వచ్చిన వల లాక్కుంటూ.

"గమ్మునుండు. చాలు," అన్నాడు అన్న.

తమ్ముడు మొహం మాడ్చుకుని వెనక్కి పోయి ఇంజను వేశాడు. ఆ చప్పుడులో ముందువైపు కూర్చున్న మా మాటలు అతనికి వినిపించవు. అన్న తాడు చుట్టలు చుడుతూ, దానివైపే చూస్తూ అన్నాడు.

"నా సిలిండర్లో సగం గాలి ఉండింది."

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడు?"

"ఎప్పుడేంది. ఆ పొద్దు. నీకు తెలుసుగదా."

"తెలీదు."

చుట్టడం ఆపాడు. "నువ్వు చాటు దాటి పోయినావు. కొట్టినా, పలకలా. నీకోసం లంగరు తాడు వదిలేసి రెండు బారలు ముందుకొచ్చినా. వడి లాగేసింది. చేతికి ఏమీ దొరకలా. నువ్వు చచ్చిపోయినావేమో చూద్దామని కూడా అనిపించలా రా. ఏమీ అనిపించలా. భయమేసి, తన్నుకుని పైకి వచ్చేసినా, నిన్ను ఆడే వదిలేసి. గాలి ఉండింది. కాచుకునేదానికి గాలి ఉండింది."

నేను విప్పిన సిలిండర్ పక్కకు నెట్టి అతని దగ్గరికి జరిగాను.

"సామాను కడిగేది నువ్వేగదా. గాలి ముల్లు చూసుంటావు, సగం మీదుంటది, అందుకే ఆసుపత్రికి రాలేదనుకున్నా. వచ్చి మాత్రం ఏమంటావులే అనుకున్నా."

"నేను ముట్టుకోలేదన్నా. గోనెసంచిలో కట్టించి పంపించినా. నీ గాలి అయిపోయిందనే అనుకున్నా. నావల్ల అయిపోయిందని."

అతను మొదటిసారి నా మొహంలోకి చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియని కోపం.

"రెండేళ్లు!" అని అరిచాను. "ఒక్క ఫోను చెయ్యలేకపోయినావా?"

"నువ్వు చేసినావా?"

"వదిన రావద్దనింది," అన్నాను. మాట బయటికి వచ్చాక అదెంత చవక మాటో నాకే తెలిసింది.

"ఆమె మూడో రోజుకే అడిగింది," అన్నాడు అన్న. "వాడింకా రాలేదేంది అని. నేను డిశ్చార్జి అయ్యేదాకా తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల తిప్పి చూసేది."

అన్న మళ్లీ తాడు చుట్టడం మొదలుపెట్టాడు. మాట్లాడ్డానికి ఎంతో ఉంది, ఎక్కణ్ణించి ఎత్తుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. రేకుల షెడ్డులో అన్న ఒక్కడే వండుకుని తినడం, ముత్తుకూరు గదిలో నేను ఫ్యాను చప్పుడు వింటూ పడుకోవడం, మధ్యలో ఉన్న ఆ కాస్త రోడ్డూ గుర్తుకొచ్చాయి.

పడవ ఇసుకకు ఆనాక నేను ముందు దూకి చెయ్యి చాపాను. అన్న తమ్ముడి వైపు చూశాడు. అతను వల దించుకునే పనిలో ఉన్నాడు. అన్న కాసేపు అంచు మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత భుజం మీద చెయ్యి వేశాడు. నీళ్లు నడుము లోతున ఉన్నంతవరకు ఏమీ తెలియలేదు, నీళ్లే మోశాయి. పొడి ఇసుక మీదికి వచ్చేసరికి అతని బరువంతా ఒక్కసారిగా నా మీద పడింది. ఎడమ కాలు ఇసుకను గీసుకుంటూ వెనక వచ్చింది. ఆ కాలు ఎంత పనిచెయ్యదో నాకు అప్పుడే తెలిసింది.